గొర్రుకొయ్యలు వాలే గుట్ట

పోయిన చలికాలం ఆదిలాబాదు జిల్లా అడవుల్లోకి వెళ్ళివచ్చాను. పులిని చూశారా అని అడిగినవాళ్ళందరికీ లేదని చెప్పి చెప్పి విసిగిపోయాను. నేను వెళ్ళింది పులి కోసం కాదు. ఒక గుట్ట మీద వెదురు బొంగులకు కట్టిన రాగితీగల పందిరిని చూడడానికి వెళ్ళాను. ఆ పందిరి వేసిన మనిషితోనే వెళ్ళి ఆయనతోనే తిరిగొచ్చాను. వెళ్ళేటప్పుడు దారి పొడవునా ఆయన మాట్లాడారు. వచ్చేటప్పుడు నేనే మాట్లాడాను.

ఆయన పేరు నరహరి. హైదరాబాదులో ఒక కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతారు. వేములవాడ దగ్గర పల్లెటూరి రైతుబిడ్డ. నిజాం కాలంలో ఉర్దూలో చదివి పట్టా పుచ్చుకున్నారు. పోలీసు చర్య అయిన తరువాత యూరప్ వెళ్ళి ప్లాస్మా గురించి పరిశోధన చేశారు. ప్లాస్మా అంటే విద్యుత్తు పారే వేడి వాయువు. మెరుపులో మెరిసేది అదే, సూర్యుడి నిండా ఉన్నది అదే. తిరిగొచ్చి కళాశాలలో చిన్న ప్రయోగశాల పెట్టుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే ఈపాటికి శాఖకు అధిపతి అయ్యేవారు.

ఆగలేదు. విశ్వమంతా ఒకానొక క్షణంలో ఒకే నిప్పుముద్ద నుంచి పుట్టి విచ్చుకుపోతోందని నేడు పెద్దలు చెబుతున్నారు. నరహరి గారు కాదంటారు. నక్షత్రాల మధ్య ఖాళీ ఖాళీ కాదనీ, అందులో ప్లాస్మా ప్రవాహాలు పారుతున్నాయనీ, నక్షత్రాల గుంపులను పోగుచేసేది అవేననీ, విశ్వానికి పుట్టినరోజు ఉండనక్కర్లేదనీ ఆయన వాదం. ఈ మధ్య అమెరికాలో ఎవరో ఆకాశం నలుమూలల నుంచి వచ్చే సన్నని రొదను పట్టుకున్నారు. అది ఆ తొలి నిప్పు తాలూకు మిగులు వేడేనన్నారు. ఆ వార్త వచ్చాక ఇక్కడ కూడా నరహరి గారిని చూసి నవ్వేవాళ్ళు ఎక్కువయ్యారు. విద్యార్థులు ఆయన దగ్గర చేరడం మానేశారు. చివరికి కళాశాల వారు ఒక మాట చెప్పారు. శివరాత్రి వెళ్ళాక జరిగే సభలో రుజువు చూపిస్తే ప్రయోగశాల ఉంటుంది. చూపించలేకపోతే దానికి తాళం.

ఆయన దగ్గర రుజువు ఉంది. అది ఆ గుట్ట మీద ఉంది. నేను నడిపే సైన్సు మాసపత్రిక కోసం దాన్ని కళ్ళారా చూసి రాయాలని బయలుదేరాను.

వేములవాడ

బస్సు దిగుతూనే ఆయన కోడెను కట్టడానికి వెళ్ళారు. ఇక్కడి శివుడు రాజన్న దగ్గర ఇది మొక్కు. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగి తెచ్చి కట్టేస్తారు. మా కృష్ణా జిల్లాలో తలనీలాలూ, ముడుపులూ చూశాను గాని ఇది చూడలేదు. పట్టుపంచె కట్టుకున్న ప్లాస్మా శాస్త్రవేత్త, మొరాయిస్తున్న కోడెదూడను బుజ్జగిస్తూ ప్రదక్షిణ చేస్తుంటే నాకు నవ్వు ఆగలేదు.

"లోకానికి పుట్టుకే లేదంటారు. మరి ఈ మొక్కు ఎవరికండీ?" అన్నాను.

"యూరప్ కెల్లి నేను పానంతోటి తిరిగొస్తే కోడెను కడ్తనని మా అవ్వ మొక్కింది, సూర్యం గారు. కట్టకముందే పోయింది. గిటు వచ్చినప్పుడల్లా నేను కడుతున్న. గది మా అవ్వ మాట. లోకం పుట్టుక నా మాట. రెండింటికి లడాయి లేదు."

గుడి ఆవరణలోనే దర్గా ఉంది. కోడెను కట్టిన చేతులతోనే జనం అక్కడా దండం పెడుతున్నారు. బయట ఒకామె వేడివేడి సర్వపిండి అమ్ముతోంది. బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ కలిపి గిన్నెకు అద్ది కాల్చిన రొట్టె. పావలాకి ఇద్దరికీ కడుపు నిండింది. మా వైపు దాన్నెందుకు చేయరో నాకు అర్థం కాలేదు.

మందమర్రి

కరీంనగర్ మీదుగా పెద్దపల్లి చేరి రైలెక్కాం. గోదావరి దాటాక గాలి రంగే మారింది. మందమర్రిలో నరహరి గారి అక్క ఉంది. బావ రాజమల్లు బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేస్తాడు. కార్మికుల వాడలో ఒకేలాంటి ఇళ్ళ వరుసలు. ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో హిందీ, ఆ పక్కన ఇంకేదో. అన్ని ఇళ్ళ ముందూ ఆరేసిన బట్టలకు ఒకటే నలుపు.

అక్క జొన్నరొట్టెలూ పచ్చిపులుసూ పెట్టింది. తింటుండగా బాయి సైరను మోగింది. రొట్టె వేస్తున్న అక్క చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఇంటింటా గుమ్మంలోకి ఆడవాళ్ళు వచ్చారు. షిఫ్టు మారే వేళేనని ఎవరో అన్నాక అందరూ లోపలికి వెళ్ళారు. అక్క మళ్ళీ రొట్టె వేసింది. వేళ తప్పి మోగితే ఏమిటో నేను అడగలేదు.

రాజమల్లు బామ్మర్దిని ఆటపట్టించడం మొదలుపెట్టాడు. "ఆకాశంల కరెంటు పారుతదంటవు. గంతదూరం తీగలెవరు గుంజిండ్రు బామ్మర్దీ?"

"తీగలక్కర్లే బావా. మీ వర్క్‌షాపుల వెల్డింగు చూస్తవు గద. కడ్డీకి, రేకుకు నడుమ ఏముంది? గాలే. దాంట్లకెల్లి కరెంటు పోతలేదా? గసొంటిదే, గాని అంతులేనంత పెద్దది."

"గట్లయితే ఆడ వెల్డింగు చేసెటోడు ఎవ్వడు?"

"ఎవ్వడు లేడు. ఎప్పటికెల్లి నడుస్తుందో గట్లనే నడుస్తుంది."

రాజమల్లు తల ఊపాడు. ఒప్పుకున్నట్టు లేదు, కాదన్నట్టూ లేదు. అక్క మాత్రం తమ్ముడి పళ్ళెంలో మరో రొట్టె వేస్తూ, "నీ కొలువు మంచిగుంటదా తమ్మీ, గది చెప్పు," అంది. "ఉంటది అక్కా, ఫికర్ చెయ్యకు," అన్నారాయన. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఏ అనుమానమూ లేదు. అది నాకు బాగా గుర్తుంది.

కాగజ్‌నగర్

ఈ ఊరు కంటికంటే ముందు ముక్కుకు తగులుతుంది. కాగితపు మిల్లు వాసన. అది ఎలాంటిదని అడిగితే ఉడికిన వెదురూ, ముగ్గిన గుడ్డలూ కలిసిన వాసన అని చెప్పగలను. మధ్యాహ్నానికల్లా అది అలవాటైపోయింది. సాయంత్రం అన్నం కూడా తిన్నాను.

గుట్ట మీది యంత్రానికి కరెంటు లేదు. బ్యాటరీలను ఇక్కడ ఛార్జి చేయించి తీసుకెళ్ళాలి. తెల్లారి బస్సులో ఒక బ్యాటరీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గుంతలో బస్సు ఎగిరినప్పుడల్లా యాసిడ్ చింది, దిగేసరికి నా కొత్త పంచె జల్లెడయ్యింది. "సైన్సుకు మీరిచ్చిన చందా అనుకోండ్రి," అన్నారు నరహరి గారు. ఆ ప్రయాణంలో ఆయన మనసారా నవ్వడం అదే చివరిసారి.

గుట్ట మీద

బస్సు దిగాక ఎద్దుబండి. మేము చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండే భీంరావు ఎదురొచ్చాడు. గోండు మనిషి, మితభాషి. గుడిసెలో రేడియో యంత్రం, దాని పక్కన కాగితపు చుట్ట మీద రొద హెచ్చుతగ్గులను గీతగా గీసే పెన్ను. బయట, ఆకాశం నుంచి వచ్చే రేడియో రొదను పట్టడానికి పడమటి కొండల వైపు తిప్పిన తీగల పందిరి.

నరహరి గారు చుట్టలు విప్పి నేలమీద పరిచారు. రెండు చలికాలాల గీతలు. ప్రతిరోజూ తెల్లవారకముందు ఒకచోట గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది. పొద్దు పొడిచాక సూర్యుడి రొద కలుస్తుంది కాబట్టి అక్కడితో యంత్రం ఆపేస్తారు.

"ఇది మనుషులు చేసే చప్పుడు కాదని మీకెలా తెలుసు?" అని అడిగాను. ఆ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు ఆయన ముఖం వెలిగింది.

ఆయన చెప్పింది ఇది. మనుషులు గడియారంతో బతుకుతారు. వాళ్ళ యంత్రాల చప్పుడు రోజూ ఒకే వేళకు వస్తుంది. నక్షత్రాలు అలా కావు, ప్రతిరోజూ నాలుగు నిమిషాలు ముందుగా వస్తాయి, ముందుగా వాలతాయి. రొద రోజూ ఒకే వేళకు వస్తే అది భూమిది. రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతూ పోతే అది ఆకాశానిది. ప్రపంచమంతటా ఇదే పరీక్ష. ఈ గీత సరిగ్గా అలాగే జరుగుతోంది. గొర్రుకొయ్యలు పడమటి కొండల మీదికి వాలే వేళకు లేస్తోంది. రైతులు విత్తనాలు వేసే గొర్రులాగా వరసగా కనిపించే మూడు చుక్కలవి. ఆ దిక్కున ఒక పెద్ద ప్లాస్మా ప్రవాహం ఉందనీ, ఇది దాని రొద అనీ ఆయన లెక్క. రెండో చలికాలం కూడా అదే చుక్కలకు అదే రొద. రెండేళ్ళూ మార్గశిరంలో మొదలై పుష్య అమావాస్యతో గీతలు ఆగిపోయాయి, ఎందుకంటే భీంరావు గోండుల నాగోబా జాతరకు కేస్లాపూర్ వెళితే చాలా రోజులు తిరిగిరాడు. ఆ తరువాత వేసవి ఉరుములూ వానకాలం మెరుపులూ మొదలైతే ఈ యంత్రానికి పనే లేదు.

నేను నమ్మాను. ఇప్పటికీ చెబుతున్నాను, ఆ గీతలు చూస్తే ఎవరైనా నమ్ముతారు.

గిర్ని

మధ్యాహ్నం వంటకు పిండి నిండుకుందని భీంరావు జొన్నల మూట ఎత్తుకున్నాడు. గుట్టకు పడమట దిగువన ఊరుంది, అక్కడ పిండిమర ఉంది, వీళ్ళు గిర్ని అంటారు. నాకు ఊరు చూడాలని ఉంది. నరహరి గారు కూడా వచ్చారు. రుజువు చూపించిన సంతోషంలో ఈలవేస్తూ దిగారు.

గిర్ని నడిపేవాడు రాజం. జగిత్యాల వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. వాళ్ళమ్మ బయట అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళ వరుస చూస్తోంది. అడవి ఊళ్ళ నుంచి బండ్లు వచ్చి ఉన్నాయి. మా వంతు రావడానికి సమయం పట్టేట్టుంది. ఊసుపోక నేనే ముసలమ్మను పలకరించాను. ఇంత రద్దీ ఉంటే గిర్ని ఏ వేళకు తెరుస్తారని అడిగాను.

"యాళనా? మాకు గడియారం ఏడుంది కొడుకా! గొర్రుకొయ్యలు గా కొండ మీదికి ఒరిగినయంటే మా రాజాన్ని లేపుత. వాడు ఇంజను షురు చేస్తడు. బండ్లోళ్ళు గప్పటికే వచ్చి సలికి వణుకుతుంటరు."

నరహరి గారి ఈల ఆగింది. ఆయన వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నారు.

"రోజు గట్లనేనా అవ్వా?"

"రోజు. సలికాలమంతా. మాఘమాసం సొచ్చినంక గా లెక్క ఇడిచిపెడ్తం. గప్పుడయి సగం రాత్రికే ఒరుగుతయి. గప్పుడు లేస్తే పానం ఉంటదా?"

"పోయినేడు గూడ?"

"పోయినేడు, అంతకు ముందేడు. గిర్ని పెట్టినకాడికెల్లి గంతే."

ఆయన లేచి లోపలికి వెళ్ళారు. ఇంజను దగ్గర నిలబడి చాలాసేపు చూశారు. అది డీజిలుది కాదు. ఎప్పుడో వేలంలో కొన్న పాత కిరోసిన్ ఇంజను, ప్లగ్గులో నిప్పురవ్వ కొట్టుకుంటూ నడిచేది. నిప్పురవ్వ కొట్టిన ప్రతిసారీ అది కూడా ఒక చిన్న రేడియో స్టేషనే. చుక్కలు చూసి మొదలుపెడితే అదీ రోజుకు నాలుగు నిమిషాలు ముందుకే జరుగుతుంది. నిప్పురవ్వతో పనిలేని డీజిలు ఇంజను అనుకుని ఇన్నాళ్ళూ ఆయన దాన్ని పట్టించుకోలేదు. సెలవులు దొరక్క ఎప్పుడొచ్చినా పగలే వచ్చి, పగలే వెళ్ళిపోయారు.

"భీంరావు, తెల్లారగట్ల గీ ఇంజను సప్పుడు నీకు ఇనబడుతదా?"

"ఇనబడుతది సాబ్, రోజు. మీరు చెవుల సప్పుడు అడగలే. కాయితం మీది గీత అడిగిండ్రు."

ఎవరిదీ తప్పు కాదు. అదే నాకు భరించరానిదిగా అనిపించింది.

మధ్యాహ్నమే పరీక్ష పెట్టారు. నరహరి గారూ నేనూ గుట్ట ఎక్కి యంత్రం ముందు కూర్చున్నాం. రాజం బీడీ కాలినంత సేపు ఇంజను నడపాలి, ఇంకో బీడీ కాలినంత సేపు ఆపాలి. అలా చేస్తూ పోవాలి. దిగువన ఇంజను టకటకమంది. పెన్ను లేచింది. ఇంజను ఆగింది. పెన్ను పడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది. నాకు దుఃఖం ఆగలేదు. బయటకు వచ్చి నిలబడ్డాను. ఆయన మాత్రం పెన్సిలు తీసుకుని గీత లేచిన ప్రతిచోటా "గిర్ని" అని రాస్తున్నారు, పరీక్ష పేపరు దిద్దినట్టు.

తరువాత ఆయన అన్న మాట ఇది: "మా బాపు గూడ గొర్రుకొయ్యలు చూసే మోట కట్టెటోడు. నన్ను లేపి చూపిచ్చెటోడు. గా పరీక్ష గడియారాలున్న దేశపోళ్ళు పెట్టిండ్రు. అందరు గడియారం చూసే లేస్తరని వాళ్ళు అనుకున్నరు, సరే. నేనెట్ల అనుకున్న సూర్యం గారూ? నేను గీడోన్నే గద!"

సాయంత్రం రాజం, వాళ్ళమ్మ గుట్టెక్కి వచ్చారు. తమ ఇంజను వల్ల సారుకు ఏదో చెడిందని భీంరావు చెప్పాడట. రాజం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఒక నెల గిర్ని బంద్ పెడ్త సార్. మీ పని కానియ్యిండ్రి. ఇసుర్రాళ్ళున్నయి, ఇండ్లల్ల ఇసురుకుంటరు."

"వద్దు," అన్నారు నరహరి గారు. "గంతదూరం కెల్లి బండ్లు కట్టుకొని వస్తుండ్రు. ఆడోళ్ళు మళ్ళ ఇసురుడు ఎందుకు? నా ఆకాశం ఏడికి పోదు." ఆ తరువాత ముసలమ్మ వైపు తిరిగి పేరు అడిగారు. ఆమె సిగ్గుపడి, కొడుకు వైపు చూసి, చెప్పింది.

తిరుగు దారి

రైల్లో నేను ఆయనకు ఎదురుగా కూర్చుని వాదించాను. వ్యాసంలో ఆయన సిద్ధాంతం గురించిన మొదటి సగం అప్పటికే నా ప్రెస్సులో అక్షరాలు పేర్చి సిద్ధంగా ఉంది. ఈ సంగతి మనిద్దరికీ, ఆ అడవిలో ముగ్గురికీ తప్ప ఎవరికీ తెలియదన్నాను. సభలో కూర్చునేవాళ్ళెవరూ ఆ గుట్ట ఎక్కరన్నాను. ముందు ప్రయోగశాల నిలబెట్టుకోండి, ఆ తరువాత మరోచోట మరో రుజువు వెతకండి అన్నాను. ఆ సలహా ఇచ్చినందుకు నేను సిగ్గుపడను. ఒక మంచి మనిషి పని ఆగిపోతుంటే ఎవరైనా అదే అంటారు.

గోదావరి వంతెన దాటాక ఆయన కిటికీ నుంచి నా వైపు తిరిగారు.

"ఊకుంటే ఏమైతదో ఎరుకేనా? ఎవడన్న పెద్ద సైంటిస్టు లేచి ప్రశ్న అడిగితే నాకు భయం గాదు. జవాబు చెప్త. గాని ఉన్నన్ని రోజులు గా ముసలవ్వకు భయపడి బతకాలె. గది నాతోటి కాదు."

వ్యాసం అక్షరాలు విప్పేయమని ఇంటికి వెళ్ళగానే ప్రెస్సుకు కబురు పెట్టాను.

హైదరాబాదు

సభలో ఆయన గీతలు చూపించారు, నాలుగు నిమిషాల సంగతి చెప్పారు. ఎప్పుడూ నవ్వేవాళ్ళు కూడా ముందుకు వంగి విన్నారు. అక్కడ ఆపినా సరిపోయేది. ఆయన ఆపలేదు. చివరి చుట్ట విప్పి, "గిర్ని" అని రాసినవి చూపించారు.

ముందు వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకింది. ఒక పెద్దమనిషి లేచి, "అయితే విశ్వానికి పుట్టినరోజు ఉందని ఒప్పుకున్నట్టేనా?" అన్నారు.

"ఆదిలాబాదుల ఒక గిర్ని ఉన్నదని ఒప్పుకుంటున్న. విశ్వం సంగతి నేను గిట్లనే అడుగుతుంట," అన్నారు నరహరి గారు.

వారం తిరక్కుండా ప్రయోగశాలకు తాళం పడింది. గాజు గొట్టాలూ పంపులూ అటకెక్కాయి. ఇప్పుడాయన మొదటి సంవత్సరం పిల్లలకు వేడి, వెలుతురు పాఠాలు చెబుతున్నారు. ఆయన సిద్ధాంతం నిజమో కాదో తేల్చే చదువు నాకు లేదు. మందమర్రి అక్కకు ఉత్తరం రాశారో లేదో కూడా తెలియదు.

తన పాత ఫలితాలను ముందే అచ్చువేసిన విదేశీ పత్రికకు ఆయన ఒక సవరణ పంపారు. తప్పు ఎలా దొర్లిందో అందులో వివరంగా రాశారు. ఎవరి సాయం పొందితే చివరన వారికి కృతజ్ఞతలు చెప్పడం శాస్త్రజ్ఞుల ఆచారం. ఆయనా చెప్పారు. నిన్న ఆ సంచిక వచ్చింది. పట్టుకుని నా గదికి వచ్చారు. సవరణ అంతా అచ్చయింది. ఆ చివరి వాక్యం మాత్రం లేదు. అనవసరమని సంపాదకులు కొట్టేశారట. ప్రయోగశాలకు తాళం వేసిన రోజు కూడా ఆయనకు అంత కోపం రావడం నేను చూడలేదు.

నా పత్రిక చిన్నది, చదివేవాళ్ళు కొద్దిమంది. అయినా వాళ్ళు తీసేసిన ఆ వాక్యాన్ని ఆయన రాసినది రాసినట్టుగా తెలుగులోకి మార్చి ఇక్కడ అచ్చు వేస్తున్నాను:

"రెండేళ్ళపాటు నేను గుర్తించలేని ఈ పొరపాటును నాకు తెలియజెప్పినది ఆదిలాబాదు జిల్లాలో పిండి గిర్ని నడిపే కుటుంబానికి చెందిన మల్లవ్వ. ఆమెకు నా కృతజ్ఞతలు."